లోపలికి తలుపున్న కోళ్లగూడు

నంద్యాల నుంచి అక్క లూదియా బస్సులో రెండు పెట్టల్ని తెచ్చిచ్చిన పొద్దు దానమ్మ కాళ్లు నేలమీద నిలవలేదు. ఒకటి నల్లది, ఒకటి బూడిదరంగుది. ఇంకా గుడ్డుకు రాలేదు. ఈసారైనా వాటిని దక్కించుకోవాల, పొదిగించి పిల్లల్ని చేయించాల అని గట్టిగా అనుకుంది.

ఇంతకుముందు సాకినవి ఒక్కటీ ఆమెకు మిగల్లేదు. ఆళ్లగడ్డ పక్కన ఆ మాలపల్లెలో కోళ్లను గంప కింద మూసి పైన రాయి పెడతారు. ఆ రాయిని ముంగిస కదపలేదు గానీ తలారి ఓబులేసు కదుపుతాడు. పై ఆఫీసరెవరైనా ఊర్లో మకాం పెడితే పొయ్యి ఊరిపెద్ద రెడ్డిగారింట్లో వెలుగుతుంది, కోడి మాత్రం మాలపల్లె నుంచి పోతుంది. అడగడమూ లేదు, ఇయ్యడమూ లేదు. అంటరానితనం నేరమని చట్టమొచ్చి మూడేండ్లయింది. ఆ మాట గంపదాకా రాలేదు.

దానమ్మ మొగుడు సుందరరాజు మట్టిగోడలు పెట్టే పనివాడు. లారీల్లో విరిగి పారేసిన బేతంచెర్ల బండముక్కలు ఏరుకొచ్చి, ఇంటి వెనకగోడకు ఆనించి గూడు కట్టినాడు. తేమ తగలకుండా మోకాలెత్తు లేపినాడు. లోపల పొడి ఇసుక, కూర్చునేందుకు అడ్డకర్ర, గాలికి వేలుపట్టే సందులు. ఊర్లో గూళ్ల మాదిరే తలుపు పెరట్లోకి పెట్టినాడు. దానమ్మ వచ్చి చూసింది.

"ఇది మూసెయ్. మనింటి గోడకు బొక్క పెట్టు. తలుపు ఇంట్లోకి రావాల."

"ఏందీ, కోళ్లతో కాపురం చేస్తావా?"

"చేస్తా. అవి నీ మాదిరి గురకపెట్టవు."

తన చేత్తో పెట్టిన గోడ. పగలగొట్టడానికి సుందరరాజుకు మనసొప్పలేదు. అప్పుడు దానమ్మ అసలు సంగతి చెప్పింది. మన కోడిని పట్టుకుపోతాడు గానీ మన కుండలో నీళ్లు తాగడు ఓబులేసు, మన గడప దాటుతాడా అని అడిగింది. సుందరరాజు నోరు తెరిచి చూసి, మరుక్షణం పలుగందుకున్నాడు. దానమ్మ మట్టి పిసుకుతానే పకపకా నవ్వింది. పక్కింటి కమలమ్మ మాత్రం బుగ్గలు నొక్కుకుంది. తలారికి కోపమొస్తే ఇల్లు మిగుల్తుందా అని భయపెట్టింది.

నల్లపెట్ట గుడ్లు పెట్టింది, పొదుగుడుకు కూర్చుంది. పిల్లలు లేచే పొద్దు దగ్గరపడినప్పుడే ఊర్లో ఆఫీసరు దిగినాడు. ఆ మాట వినగానే దానమ్మ బూడిదరంగుదాన్ని కూడా గూట్లో మూసింది.

ఓబులేసు వచ్చి పెరడంతా వెతికినాడు. గంప లేదు. బండల వెనక కోడి కొక్కొక్కోమంటాంది. సందులోకి వేలు తప్ప చెయ్యి పట్టలేదు. చుట్టూ తిరిగి వాకిట్లోకొచ్చినాడు.

"ఏమే దానీ, కోడిని పట్టకరాపో."

గడపలో కూర్చుని కొర్రలు చెరుగుతాండే దానమ్మ తలెత్తి చూసింది. చేట మాత్రం ఆపలేదు.

"తలుపు లోపలుందప్పా. పొదుగుడు మీదుండే కోడిని నేను లేపను. కావాలంటే నువ్వే వచ్చి పట్టుకో."

"నేను? మీ ఇంట్లోకా?"

"మా కోడికి లేని మైల మా గడపకు యాడనుంచొచ్చెనప్పా?"

ఆమె పక్కకు జరిగి దారిచ్చింది. అప్పటికే ఇంటింటి వాకిట్లో జనం నిలబడి ఉన్నారు. కమలమ్మ కూడా ఉంది. ఓబులేసు ఒక కాలు ఎత్తినాడు. ఈ గడప దాటితే ఊరందరికీ తెలుస్తుంది, ఇంట్లో పెండ్లామే బయట నిలబెడుతుంది. ఎత్తిన కాలు వెనక్కి పెట్టి, అంతమంది ముందర ఇంకో గంప ఎత్తడానికి మొగం చెల్లక, రెడ్డికి చెప్తానని తిట్టుకుంటా పోయినాడు.

రెడ్డి మాత్రం ఏం చేస్తాడు? కోడి కోసం మాలోళ్ల గుడిసెలో దూరమని ఎవరికి చెప్తాడు? ఆ పూట సొంత దొడ్లో పుంజునే కోయించినాడు.

ఓబులేసు మలుపు తిరిగినాక దానమ్మ చేట పక్కన పెట్టింది. నవ్వు ఆగలేదు, కండ్లలో నీళ్లూ ఆగలేదు. కమలమ్మ వచ్చి, మా గోడకు బొక్క యాడ పెట్టాలో చూపీమ్మా అని చెయ్యి పట్టి లేపింది.

కొందరు భయపడి గంపలతోనే ఉండిపోయినారు. మిగిలిన ఇండ్లలో వారం పొడుగునా సుందరరాజు తాను పెట్టిన గోడల్నే తొలుస్తా తిరిగినాడు. ముందు నడిచి, ఈడ కొట్టు, ఆడ కొట్టు అని దానమ్మ చూపించింది.