పులుసు కుండలో స్పీకరు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువూ కొన్నది కొన్నట్టుగా బతికి బట్టకట్టింది లేదు. "కంపెనీవాడు సగమే చేసి పంపుతాడమ్మా, మిగతా సగం మనం చేసుకోవాలి" అనేవారు మా నాన్న. ఆ సగం చేసుకోవడంలోనే మా మిక్సీ మూగబోయింది, గోడ గడియారం వెనక్కి నడవడం నేర్చుకుంది. నేను బందరులో డిగ్రీ చదువుతుండగా, ఎవరో ఇల్లు మారుతూ వదిలించుకున్న సీడీ ప్లేయరూ రెండు స్పీకర్లూ మా హాల్లోకి రావడం చూసి నాకు గుండె గుభేలుమంది. (వదిలించుకున్నవాళ్లు ఆ తర్వాత ఎంత హాయిగా నిద్రపోయి ఉంటారో!)

నాన్నకి తోడు మా మావయ్య. అమ్మకి స్వయానా తమ్ముడు, బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులు చూసుకునేవాడు. ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే బండేసుకుని ఒక కొత్త చిట్కాతో దిగిపోయేవాడు. ఒక వారం స్పీకర్ల కింద ఇటుకలు. మరో వారం ఆ ఇటుకల కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు, "అదురు బల్లలోకి దిగకూడదు బావా" అంటూ. ఆ తర్వాత గోడకి తగిలి మోత తిరిగి రాకూడదని, రొయ్యలు ఎగుమతి చేసే థర్మాకోల్ పెట్టెలు తెచ్చి వెనకాల పేర్చాడు. మోత సంగతి నాకు తెలీదు గానీ, వీధిలో పిల్లులన్నీ వచ్చి స్పీకర్ల ముందు బుద్ధిగా కూర్చునేవి. "చూశావా, నోరులేని జీవాలకి కూడా తేడా తెలుస్తోంది" అని మావయ్య మురిసిపోయాడు.

ఇందులో నాకిచ్చిన ఉద్యోగం వినడం. హాలు మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లు. "ఇప్పుడెలా ఉంది?" "బాగుంది." "ఇందాకటి కంటేనా?" "ఇందాకటి కంటే." "ఎలా బాగుంది?" బాగుండడంలో ఎన్ని రకాలుంటాయండీ? చివరికి విసుగెత్తి, పరీక్షల్లో రాసినట్టే ఇక్కడా కల్పించడం మొదలుపెట్టాను. "కాస్త జలుబు చేసినట్టుంది" అనేదాన్ని. "ఎడమ పక్కది అలిగినట్టుంది" అనేదాన్ని. నేను నోటికొచ్చింది అన్నప్పుడల్లా ఇద్దరూ గంభీరంగా తలూపి, ఏదో ఒకటి జరిపి, మళ్లీ "ఇప్పుడు?" అనేవాళ్లు.

అలాంటి ఇంటికి ఒక సీడీ వచ్చింది. మా సంఘంవాళ్లు పాటలు పాడి చేయించుకున్నది. అందులో ఒక పాటలో రెండో చరణం మా అమ్మ ఒక్కతే పాడింది. అమ్మ తన గొంతు తాను బయటి నుంచి ఏనాడూ విని ఎరగదు. ఆ ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక, పాస్టరు అయ్యగారూ సంఘంవాళ్లూ వచ్చాక అందరికీ వినిపించాలని నాన్న పట్టుదల. అమ్మ మధ్యాహ్నం నుంచీ వంటింటి గడప దగ్గరికి వచ్చి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ "వచ్చిందా?" అని అడిగి వెళ్లేది. ఎలా వస్తుంది? పల్లవి అయినా పూర్తికాకుండానే మావయ్య ఆపేసేవాడు.

"బేసు లేదు బావా. కుండ కావాలి."

కుండలో స్పీకరు పెడితే సౌండు గుమ్ముగా వస్తుందని మా వైపు పుట్టినవాళ్లెవరికైనా తెలుసు. ఇంట్లో ఉన్నవి ఒక మజ్జిగ కుండ, ఒక చేపల పులుసు కుండ. "ఏవండీ, అందులో పులుసు ఉందండీ" అంది అమ్మ. "నీ పాట కోసమేగా!" అని నాన్న ఆ పులుసు గిన్నెలోకి వంపించి, కుండ ఒక్కసారి తొలిపించి తెచ్చేశారు. స్పీకర్లని పెట్టెల్లోంచి ఊడదీసి కుండల మూతుల మీద బోర్లించారు. ఇక పాట ఎలా వచ్చిందంటే, సంఘమంతా నూతిలో పడి స్తోత్రం చేస్తున్నట్టు వచ్చింది. పిల్లులు మరికాస్త దగ్గరికి జరిగాయి.

"అమ్మ చరణం ఒక్కసారి రానివ్వండి నాన్నా" అని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను.

"గొంతుదేముందమ్మా, అదే వస్తుంది. ముందు బేసు కుదరనీ" అన్నారు నాన్న. సీడీ తుడవమని నా చేతికిచ్చి, ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని వైర్లు మెలిపెట్టసాగారు.

అప్పుడు వినిపించింది రెండో చరణం. సన్నగా, తేటగా, ఒక్కో మాటా విడివిడిగా.

మావయ్య చెయ్యి పైకెత్తాడు. "బావా, కదలకు! వచ్చేసింది!"

"ఇదిరా సౌండంటే!" అన్నారు నాన్న గుసగుసగా. "ఆ వైరు అలాగే పట్టుకో. అచ్చం పక్కనుండి పాడినట్టే లేదూ?"

ఇద్దరూ కళ్లు మూసుకుని తలలాడిస్తున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుర్చీలోంచి లేచి, సీడీని వేలికి తగిలించి వాళ్ల మొహాల ముందు ఆడించాను.

నాన్న సీడీ వంక చూశారు, కుండ వంక చూశారు, మెల్లగా లేచి వంటింటి గడప దాకా వెళ్లారు. సాయంత్రం టీలకి గ్లాసులు కడుగుతూ పాడుకుంటున్న అమ్మ, ఆయన్ని చూసి గతుక్కుమంది.

"అడ్డమొస్తున్నానా? ఆపేస్తాలెండి. మీరు మీ పాట వినండి."

మావయ్య చేతిలో వైరు వదిలేసి, చెరువు దగ్గర పనుందని గొణుగుతూ చెప్పులు వెతుక్కున్నాడు. నాన్నే పెరట్లో కూర్చుని పులుసు కుండ తోమారు. స్పీకర్లు మళ్లీ వాటి పెట్టెల్లోకి వెళ్లి, ఇటుకలూ రొయ్యల పెట్టెలూ లేకుండా మామూలుగా బల్ల మీద కూర్చున్నాయి. సాయంత్రం ప్రార్థన అయ్యాక, ఫ్యాను కట్టేసి పాట పెట్టాం. అమ్మ తలుపు చాటున నిలబడి తన చరణం తాను వింది. అందరూ బాగుందన్నారు, వందనాలు చెప్పి వెళ్లారు.

"నా గొంతు ఇలా ఉంటుందాండీ?" అని అడిగింది అమ్మ, ఖాళీ గ్లాసులు ఏరుతూ.

"ఇలా కాదు. ఇంకా బాగుంటుంది" అన్నారు నాన్న. "వీటికి రావడం లేదంతే."

అమ్మ చాలాసేపు ఆ గ్లాసులే సర్దుతూ ఉండిపోయింది. ఇప్పుడు గుడివాడలో కాపురం ఉంటున్న నాకు అప్పటి అమ్మ వయసు వచ్చింది, ఆ మాట తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి. ఆ రోజు మాత్రం నేను అది వినీవినగానే పరుగున వెళ్లి మజ్జిగ కుండని మంచం కింద దాచేశాను.