ఆరో బోల్టు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. మాది మగ్గం ఇల్లు. మగ్గం మీద చెయ్యి వేసి మా ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడరు. ఆ మగ్గం మీదే చెయ్యి వేసి చెబుతున్నాను... మహబూబ్‌నగర్‌లో ఆ రాత్రి జరిగింది నిజం. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది.

మాది నల్లగొండ వైపు ఊరు. మామూలు రోజుల్లో చీరలు నేస్తాను. పెళ్లిళ్లు ఉంటే బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయిస్తాను. ఆ డ్రమ్ము నాకంటే ముందు అదే బ్యాండులో వాయించిన సత్తయ్య తాతది. ఎడమచేతి వాటం మనిషి. నేర్పమని వెళితే అందరి ముందూ అన్నాడు: "మగ్గం కాడ కూసునే పిల్లకు డ్రమ్మెందుకే? నీ చేతుల గది నిలువది." నేర్పలేదు. వెనకాల నిలబడి చూసి చూసి నేనే నేర్చుకున్నాను. ఆయన పోయాక డ్రమ్ము నా భుజానికి వచ్చింది.

వాయించడం కంటే దాన్ని నిలబెట్టుకోవడం కష్టం. ఇనుప కట్టు చుట్టూ ఆరు బోల్టులు ఉంటాయి. ఆరూ సమానంగా బిగిస్తేనే పైపొర గట్టిగా పలుకుతుంది. కొట్టేకొద్దీ ఆ అదురుకు అవి వదులవుతాయి. ఒక్కటి జారిందా... తడిసిన అట్ట మీద కొట్టినట్టే. నాకు వరుసగా రెండు పెళ్లి ఊరేగింపుల్లో, బరాత్‌లలో జారింది. రెండోసారి పెళ్లివాళ్లు నా మొహం మీదే నవ్వారు. మా బ్యాండు మాస్టరు యాదయ్యన్న చెడ్డవాడేం కాదు, కానీ తేల్చి చెప్పేశాడు.

"మహబూబ్‌నగర్ల గూడ జారిందనుకో, డ్రమ్ము ఇంకొకనికిస్త. ఏమనుకోకు చెల్లె."

ఏమీ అనుకోలేదు. లోపల మాత్రం భగ్గుమంది.

పెళ్లికి ముందు రోజు సాయంత్రమే చేరుకున్నాం. మగవాళ్లు ఫంక్షన్ హాలు వరండాలో పడుకున్నారు. నాకూ, తోడు వచ్చిన మా చిన్నమ్మకూ వెనకాల సామాన్ల గది ఇచ్చారు. కిటికీ లేదు. తలుపుకి లోపల నేనే గొళ్లెం పెట్టాను. ఇది గుర్తుపెట్టుకోండి.

మగ్గానికి బిగించే బోల్టులు కూడా దెబ్బదెబ్బకీ వదులవుతాయి. అందుకే మా అమ్మ మైనం రాసిన పోగును బోల్టు మరల మీద చుట్టి బిగిస్తుంది. ఇక ఏళ్లు గడిచినా కదలవు. సత్తయ్య తాత కూడా మా ఇంట్లోనే పోగులు అడిగి తీసుకెళ్లి డ్రమ్ముకు అదే చేసేవాడు. ఆయన పద్ధతి నాకెందుకని పంతానికి ఇన్నాళ్లూ నేను చుట్టలేదు. నా తప్పే. అసలది మా అమ్మ పద్ధతి కదా!

ఒక్కటే తేడా. మేం కుడికి చుడతాం. తిప్పుతుంటే దారం మరల్లోకి దిగిపోతుంది. ఎడమకు చుడితే ఉండకట్టి బయటికి వచ్చేస్తుంది. ఆయన ఎడమకే చుట్టేవాడు... ఆయనకు నిలిచేది. ఎలాగో ఎవరికీ చెప్పలేదు.

ఈసారి పంతం వదిలేసి, వెంట తెచ్చుకున్న ఎర్ర పోగు తీసి ఐదు బోల్టులకు చుట్టి బిగించాను. ఆరోది చేతిలోకి తీసుకున్నాను... కరెంటు పోయింది. ఫోన్‌లో చార్జింగ్ అడుగంటింది. సరే, దీని సంగతి పొద్దున చూద్దామని దారం లేకుండానే బిగించేశాను. ఆ కాస్త ఫోన్ వెలుగులోనే ప్రతి బోల్టుకీ కట్టుకీ కలిపి గోళ్ల రంగుతో ఒక గీత గీశాను. బోల్టు కదిలితే గీత విరుగుతుంది. బిగించే చావి గుప్పిట్లో పెట్టుకుని పడుకున్నాను.

ఎంతసేపైందో తెలియదు.

కిర్‌ర్...

ఎలుకేమో అనుకున్నాను.

కిర్‌ర్...

ఆ చప్పుడు నాకు తెలుసు. బోల్టు మరలో తిరిగే చప్పుడు. ఫోన్ వెలిగించాను. ఐదు గీతలు సరిగ్గా ఉన్నాయి. ఆరోది... విరిగింది. అర చుట్టు వదులైంది. చావి నా గుప్పిట్లోనే ఉంది. గొళ్లెం పెట్టినట్టే ఉంది.

బిగించాను. మళ్లీ గీత గీశాను. ఫోన్ ఆరిపోయింది. చీకట్లో డ్రమ్మును ఒళ్లో పెట్టుకుని, ఆ బోల్టు మీద వేలు ఆనించి కూర్చున్నాను.

నా వేలి కింద... అది మెల్లగా... కదిలింది.

భయమేసిందా అంటే వేసింది. కానీ ఆ భయం వెనకే కోపం తన్నుకొచ్చింది. బతికుండగా నేర్పలేదు. పోయాక కూడా నన్ను వాయించనివ్వడా?

"తిప్పు!" అన్నాను. "ఎంతసేపు తిప్పుతవో నేను గూడ చూస్త! పొద్దుగాల దాక ఈడనే కూసుంట!"

"ఏందే గా లొల్లి... పండుకోరాదు" అని చిన్నమ్మ అటు తిరిగి పడుకుంది.

నేను బోల్టు మీద నుంచి వేలు తీయలేదు.

అప్పుడు... టిక్.

పొర మీద. ఎవరో గోటితో తట్టినట్టు. మొదటి బోల్టు పక్కన.

టిక్... రెండో దాని పక్కన.

సత్తయ్య తాత శ్రుతి చూసేది ఇలాగే. ఒక్కో బోల్టు పక్కన గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. టిక్... టిక్... టిక్. ఐదూ ఒకేలా పలికాయి. ఆరో దగ్గర మాత్రం... డబ్. బొంగురుగా.

తర్వాత ఏమీ లేదు. ఎవరో నా జవాబు కోసం ఆగినట్టు.

డ్రమ్మును ఇంకా దగ్గరికి లాక్కున్నాను. "విన్నవా తాతా? ఐదు ఒక్క తీరుగ పలుకుతున్నయి. అవి నేను కట్టినయే. నా చేతుల నిలువది అన్నవు కదా... ఇప్పుడు చెప్పు."

డ్రమ్మును ఒళ్లో పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎప్పుడు నిద్ర పట్టిందో నాకు తెలియదు.

పొద్దున యాదయ్యన్న తలుపు బాదితే లేచాను. తొందరలో ఆరో బోల్టుకు చుట్టే తీరికే లేదు. రెండు పుల్లలు పట్టుకుని బరాత్‌లోకి దిగాను. జారితే జారనీ అని కసిదీరా కొట్టాను. గడియారం స్తంభం దాకా, అక్కడి నుంచి మళ్లీ హాలు దాకా... ఒక్క దెబ్బ కూడా బొంగురు పోలేదు. యాదయ్యన్న వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. ఇక డ్రమ్ము మాట ఎత్తలేదు.

హాలు మెట్ల మీద కూర్చుని బోల్టులు చూసుకున్నాను. ఆరో బోల్టు కింద... ఎర్ర దారం కొస బయటికి కనబడుతోంది. నేను చుట్టని బోల్టుకు. వంగి చూశాను. అది ఎడమకు చుట్టి ఉంది.

"నిద్రమబ్బుల నువ్వే చుట్టినవేమో చెల్లె" అన్నాడు యాదయ్యన్న. కావచ్చు. చిన్నమ్మ మాత్రం తను ముట్టనే లేదని ఒట్టేసింది. నాకేమో ఎడమకు చుట్టడం రాదు. ఇంటికొచ్చి వేరే బోల్టు మీద ఎన్నిసార్లో ప్రయత్నించాను. ప్రతిసారీ దారం ఉండకట్టి బయటికి వచ్చేసింది.

అది ఒప్పుకోవడమో, వెక్కిరించడమో నాకు తెలియదు. అసలు ఏమిటో తెలియదు. ఆ బోల్టును మాత్రం నేను విప్పలేదు. భయపడి కాదు. నేను కట్టిన ఐదింటికి జవాబు నాది. ఆ ఆరోది ఎవరు కట్టారో... కావాలంటే వాళ్లే వచ్చి విప్పుకోనీ. డ్రమ్ము నా దగ్గరే ఉంది.