ఖాళీ కుర్చీ తూకం

మా బావ కనకరాజు చేసిన చివరి మామూలు పని, లుంగీ జారిపోతోందని నన్ను తిట్టడం. నాచారం పారిశ్రామికవాడలో, హన్మయ్య పాత ఇనుము దుకాణం ముందు, మంచం మీద కూర్చుని తిట్టాడు. పక్షవాతం వచ్చాక ఆయన మాటలన్నీ ముద్దగా వచ్చేవి. బూతులు మాత్రం రేడియో వార్తలంత స్పష్టంగా వచ్చేవి. ఆ వారమే నిద్రలో పోయాడు. కాబట్టి బామ్మర్దిగా నాకు దక్కిన ఆఖరి ఆశీర్వచనం అదే.

నెలకోసారి మేం అక్కడికి వెళ్లేది ఆయన బరువు చూడటానికి. మనిషి నిలబడలేడు కనుక ఇళ్లలో ఉండే మిషను పనికిరాదు. హన్మయ్య దగ్గర బస్తాలు తూచే కాంటా ఉంది. చక్రాల కుర్చీతో సహా బావను దాని మీదికి ఎక్కించి ఒకసారి, బావను మంచం మీదికి దించి ఖాళీ కుర్చీని ఒకసారి తూచేవాళ్లం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది మా బావ.

కుర్చీ బరువు మారదు కదా, ఒక్కసారి చూసుకుంటే చాలదా అన్నాను మొదట్లో. బడిపంతులు బుద్ధి అని నన్ను తిట్టాడు. ఆయన బతుకంతా ధర్మకాంటాలో లారీలు తూచాడు. హన్మయ్య ఆయన కిందే పని నేర్చుకున్నాడు. దొంగతనమంతా ఖాళీ బండిలోనే ఉంటుందనేవాడు బావ. ఇనుము కొనుక్కుపోయే లారీ ఖాళీగా వచ్చినప్పుడు సీటు కింద క్లీనరును దాస్తారు. ఖాళీ బండి ఎంత బరువు చూపిస్తే సరుకు అంత తక్కువ తేలుతుంది. బావ కర్ర తీసుకుని సీటు కింద పొడిచేవాడు. క్లీనర్లు కేకలు వేస్తూ బయటికి దూకేవాళ్లు. కిలో కూడా ఎవడికీ వదల్లేదని ఆయన గర్వం. అందుకే దసరాకు ఇంటికి ఒక్కడూ స్వీట్ల డబ్బా తేడని మా అక్క కౌసల్యమ్మ గొణుగుడు.

పక్షవాతం మింగే శక్తిని తీసుకుపోయింది. డాక్టర్లు పొట్టకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు. దాంట్లోంచే తిండి, నీళ్లు, గోలీలు. అప్పటిదాకా రివటలా ఉన్న మనిషి అక్కడి నుంచి ఊరడం మొదలుపెట్టాడు. నోట్లో మెతుకు పడకుండా లావెక్కినవాణ్ని నేను మా బావనొక్కణ్నే చూశాను.

ఆస్పత్రిలో ఆహారం సంగతి చూసే మానస అనే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పడుకుని ఉండే మనిషికి ఎక్కువ తిండి అక్కర్లేదు, కొలిచి ఇచ్చిన పొడి నీళ్లలో కలిపి పోస్తే అన్నీ అందులోనే ఉన్నాయి, పైన ఇంకేమీ వద్దు అంది. అక్క బుద్ధిగా తల ఊపింది. ఇంటికొచ్చి పొడి కలిపి పోసింది. తర్వాత అన్నం మెత్తగా ఉడికించి, పప్పుకట్టు కలిపి, నెయ్యి వేసి, పాత పంచెలో వడగట్టి అదీ పోసింది. ఒకసారి గొట్టం మూసుకుపోతే ఉప్పల్ నుంచి నేను పరుగెత్తుకొచ్చాను. దొరికిపోయింది.

సంగతేమిటంటే, మా అక్క పెళ్లయిన నాటి నుంచి మొగుడు తినందే తినదు. పొడి తాగాడంటే తిన్నట్టే గదా అన్నాను.

"నువ్వు గోలీ మింగి అన్నం తిన్ననంటవా తమ్మీ?" అంది.

వాళ్ల అబ్బాయి విక్రమ్ పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తల్లి నడుము పట్టేసి గోడ పట్టుకుని నడవడం చూస్తున్నాడు. పుండ్లు పడకుండా తండ్రిని మాటిమాటికీ పక్కకు తిప్పాల్సింది ఆమే. అందుకని తేల్చి చెప్పాడు: నాన్న ఎనభై అయిదు కిలోలు దాటితే ఘట్‌కేసర్ దగ్గరి కేర్ హోమ్‌కే. బావ కళ్లు మూసుకుని విన్నాడు. ఆ మాటకు మాత్రం బూతు రాలేదు.

అక్క అన్నం పోయడం మానేసింది. దాంతోపాటు తినడమూ మానేసింది. ఏమిటక్కా అంటే ఆకలైతలేదంది. చివరికి కూరగాయల బండి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఆ సాయంత్రం బావ నన్ను మంచం దగ్గరికి పిలిచి, ముద్దమాటల్లోనే రెండుసార్లు చెప్పాడు.

"దాన్ని పొయ్యనీ బామ్మర్దీ. కాంటా సంగతి నేను సూస్కుంట."

రోగి ధైర్యం అనుకున్నాను. మళ్లీ పంచె తడిసింది, అక్క కంచం ముందు కూర్చుంది. దేవుడి నైవేద్యమంతే పోస్తున్నానని నాకు చెప్పేది. బావ కిటికీ ఊచకు లారీ తాడు కట్టించుకుని, బాగున్న చేత్తో దాన్ని పట్టుకుని, మూలుగుతూ తనే పక్కకు తిరగడం నేర్చుకున్నాడు. అక్క నడుముకు కాస్త ఊపిరి ఆడింది.

అద్భుతం ఏమిటంటే కాంటా కదల్లేదు. హన్మయ్య రెండు అంకెలూ అరిచి, తీసివేత తనే చేసి చెప్పేవాడు. నేను మిగిలిన అంకెనే పట్టుకుని మానసకూ విక్రమ్‌కూ పంపేవాణ్ని. ఎనభై మూడు. మళ్లీ ఎనభై మూడు. ఓసారి ఎనభై నాలుగైతే బావ హన్మయ్య వైపు గుర్రుగా చూశాడు. చొక్కా గుండీలు పట్టకపోతే అక్క ఉతుకుడుకు గుడ్డ కుంచించుకుపోయిందనుకున్నాను. చదువుకున్నవాణ్ని కదా, అంకెను నమ్మాను.

మంచం మీదికి దించగానే ప్రతిసారీ ఆయన లుంగీ జారేది. అటు హన్మయ్య ఖాళీ కుర్చీని కాంటా ఎక్కిస్తుంటే, ఇటు నేను వంగి ముడి వేస్తూ మా వంశం మీద తిట్లు తినేవాణ్ని.

బావ ఇంట్లోనే, తన మంచంలోనే పోయాడు.

దినాలు అయ్యాక అక్క కుర్చీని ఎవరికైనా ఇచ్చేయమంది. ఎప్పుడూ నెట్టడమే కానీ నేను ఎత్తని కుర్చీ, ఆటోలో పెడదామని పట్టుకుంటే ఒంటిచేత్తో లేచింది. చివరిసారి హన్మయ్య అరిచిన అంకె గుర్తొచ్చింది: కుర్చీ ఇరవై తొమ్మిది. ఆటోను అటే తిప్పించి, కుర్చీని కాంటా మీద పెట్టాను.

హన్మయ్య అంకె వైపు చూడనేలేదు.

"కుర్చీ పదిహేడే సారూ," అన్నాడు. "కడమది నా కాలు. ఎంత నొక్కాల్నో అన్ననే సెప్పెటోడు."