తెర మీద అరచేయి

జీపీఎస్ యంత్రం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా దాని తెర మీద నాకొక అరచేయి కనిపిస్తుంది. అది లక్సెట్టిపేట అవతలి అడవిలో నాకు దారి చూపించిన ఫారెస్ట్ వాచర్‌ది.

నస్పూర్ మిత్రులతో గుట్టల్లో నడవడానికి ముందుగా దారి చూసుకుందామని వెళ్లాను. ఆయన చూపిన ప్రతి మలుపునూ, బండనూ యంత్రంలో చుక్కగా పెట్టుకుంటున్నాను. వాగు ఇసుకలో చిన్న చెలిమ దగ్గరికి రాగానే ఆయన తెరకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిది పెట్టకుండ్రి సార్. గివి దుప్పులు తాగే నీళ్లు. మనకు బాటిల్ ఉన్నది గద."

సరేనన్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో దారి గీస్తుంటే, నీళ్లు లేని దారిని ఎవరు మెచ్చుకుంటారనిపించింది. ఆ చుక్క కూడా పెట్టి మిత్రుల వాట్సాప్ గ్రూపులో పంపాను. అందరూ శభాష్ అన్నారు. ఆ దారి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది.

ఎండాకాలంలో మళ్లీ వెళితే, ఆయన చెలిమలోంచి ప్లాస్టిక్ సీసాలు ఏరుతున్నాడు. ఇసుక నిండా బూట్ల జాడలు. దుప్పి గిట్ట జాడ ఒక్కటీ లేదు. నిజం చెప్పాలని దగ్గరికి వెళ్లి, వంగి నేనూ ఒక సీసా ఏరాను.

"ఎవలు చెప్పిండ్రో ఏమో సార్," అన్నాడాయన, తల ఎత్తకుండానే. "మీరైతే పెట్టలే. నేను చూసిన."