పడుకోబెట్టిన డబ్బాలు

నస్పూర్‌లో మా కాలనీకి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఎండాకాలం అదీ నమ్మకం లేదు. అందుకే నేను ఆపా అని పిలిచే మా పక్క క్వార్టర్ అక్క గులాబీల జోలికి పోకుండా, గోడ వెంట పాత పెయింటు డబ్బాల్లో వానపూల గడ్డలు పెట్టుకుంది. చూడటానికి చిన్న ఉల్లిగడ్డల్లా ఉంటాయి. నెలల తరబడి నీళ్లు లేకపోయినా మట్టిలో అట్లాగే ఉండి, తొలి వాన పడ్డ మూడో నాడో నాలుగో నాడో గులాబీ రంగు పూలు పూస్తాయి.

శివరాత్రి దాటి ఆకులు పసుపెక్కగానే ఆపా డబ్బాలన్నిటినీ పక్కకు పడుకోబెట్టేది. నిలబెట్టి ఉంచితే ఎవరో ఒకరు జాలిపడి నీళ్లు పోస్తారట. "పండుకున్నదాన్ని లేపొద్దు చెల్లె" అనేది. రెండు గడ్డలివ్వమని మూడేళ్లుగా నేను అడుగుతూనే ఉన్నాను. "ఇస్త తీ, పిల్లలు పెట్టనీ" అని దాటేసేది. పిల్లిచ్చి మొక్కివ్వని మనిషి అని నేను వెక్కిరించేదాన్ని. వాళ్ల పిల్లి పిల్ల మా ఇంట్లోనే పెరుగుతోంది మరి.

ఈ ఏడు డబ్బాలు పడుకోబెట్టిన వారానికి, నేను దండెం మీద బట్టలు ఆరేస్తుంటే గోడ అవతల నుంచి పిలిచింది.

"చెల్లె, గడ్డ ఉన్నదంట."

నేను వెనక్కి కూడా తిరగలేదు. "ఉంటే నాకియ్యరాదు ఆపా! ఇన్నొద్దుల సంది అడుగుతున్న గదా!"

తిరిగి చూస్తే ఆపా ఎడమ రొమ్ము మీద, కొంగు పైనుంచి చేయి పెట్టుకుని నిలబడి ఉంది.

"గిది ఇచ్చేది గాదు చెల్లె. గట్టిగున్నది. గట్టిగుంటే మంచిది గాదంట, డాక్టరు పట్నం పొమ్మన్నడు."

నా నోట్లో మన్నుపడ! చిన్నప్పటి నుంచీ నా నోరు నాకన్నా ముందే నడుస్తుంది కానీ, ఇంత దూరం ఎప్పుడూ పోలేదు. మూడో నాడు ఆపా, వాళ్లాయన హైదరాబాద్ బస్సెక్కారు. ఫికర్ చేయకు అని చెప్పడానికి కూడా మొహం చెల్లక, సంచి అందించి ఊరుకున్నాను.

ఆమె లేని వాకిలి చూస్తుంటే నాకు కాలు నిలవలేదు. ఏదో ఒకటి చేయాలి. ఆపా వచ్చేసరికి మొక్కలన్నా పచ్చగా ఉండాలనుకున్నాను. డబ్బాలన్నీ లేపి నిలబెట్టి, మా బిందెల్లో నీళ్లే మిగిల్చి పొద్దూమాపూ పోశాను. "పండుకున్నదాన్ని లేపొద్దని ఆమెనే చెప్పింది గదనే" అని మా ఆయన అంటే, "నీకేం ఎరుక?" అని కసిరాను. డబ్బాల అడుగున రంధ్రాలు ఎప్పుడో పూడుకుపోయాయని నేను చూసుకోనే లేదు. వైశాఖం వచ్చేసరికి వాసన మొదలైంది. వేలు పెట్టి చూస్తే గడ్డ మెత్తగా చితికిపోయింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. పూలకు కాదు, ఆపాకే ఏదో చేసినట్టు భయమేసింది.

ఆపరేషన్ అయ్యాక, మందులు ఎక్కించే విడతల మధ్యలో ఆపా కొన్నాళ్లు ఇంటికి వచ్చింది. తలకు దుపట్టా చుట్టుకుంది, మనిషి సగమైంది. ఆ సాయంత్రమే పోయి అంతా చెప్పేశాను, ఆ రోజు అన్న మాటతో సహా.

"మాఫ్ చెయ్యి ఆపా. ముందు నోటితోని చేసిన, మళ్ల చేతితోని చేసిన."

ఆపా నన్నే చూసి నవ్వడం మొదలుపెట్టింది. "దవఖానల పండుకోని నీ మాటే యాది చేసుకున్న చెల్లె. ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్క మంచమామె నాకు పిచ్చి లేసిందనుకున్నది. ఏదీ, డబ్బాలు ఇటు తే."

గడపలో కూర్చుంది. నేను ఒక్కో డబ్బా బోర్లిస్తుంటే, కుడి చేత్తో మట్టి తడిమి చూసింది. ఎడమ చేయి ఇంకా లేవడం లేదు. అన్నీ బురదే. చివరి డబ్బాలో పొట్టు నల్లబడిన గడ్డ ఒక్కటి దొరికింది. బొటనవేలితో మెల్లగా నొక్కింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"గట్టిగున్నదే" అన్నది.

ఆ మాటకు ఇద్దరం ఉలిక్కిపడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆపా ఆ గడ్డను తన కొంగుతో తుడిచి, నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"పట్టు చెల్లె. గిది ఇచ్చేదే."