బండ మీద పాయసం

ఆ రోజుల్లో తిరుపతి చుట్టుపక్కల నాకు తెలియని దారి గాని, తెలియని సంగతి గాని లేదని నా గట్టి నమ్మకం. (ఇరవై రెండేళ్ళ వయసులో అందరికీ ఉండే జబ్బే.) యుద్ధకాలం, పెట్రోలు కరువు. బొగ్గుతో నడిచే బస్సు ఎప్పుడు కదులుతుందో దేవుడికే ఎరుక. అందుకని మా ఆఫీసు గుమాస్తాలం నలుగురం ఆదివారం పూట గుట్టలూ చెరువులూ చూస్తూ నడిచి వద్దామని నేనే లేవదీశాను. అసలు సంగతి వేరు. మూడో చెరువు పక్క ఊళ్ళో నాకు సంబంధం కుదురుతోంది. పిల్లను పెద్దవాళ్ళు చూశారు, నేను చూడలేదు. తాంబూలాలు ఇంకా మార్చుకోలేదు. పెళ్ళికొడుకు దొంగచాటుగా వచ్చాడని తెలిస్తే సంబంధం తప్పిపోవడం ఖాయం. అయినా దూరం నుంచైనా ఒక్కసారి చూడందే నాకు అన్నం సయించేలా లేదు.

మొదటి చెరువులో నీళ్ళు లేవు. రెండో చెరువులో గొర్రెలు తిరుగుతున్నాయి. వానలు మొహం చాటేసి రెండేళ్ళయింది. అయినా చంకలో గొడుగు లేకుండా కదలని మా పెద్ద గుమాస్తా (గొడుగు మామ అనేవాళ్ళం) అడుగడుగునా సణుగుడే.

"యాడికప్పా మమ్మల్ని ఈడ్సకపోతుండావు? కాళ్ళు బొబ్బలెక్కినాయి."

"ఇంగొక్క చెరువే మామా."

మూడో చెరువు కట్ట ఎక్కి చూసి కొయ్యబారిపోయాను. కింద పెద్ద బండ. దాని చుట్టూ ముప్పైమంది మగవాళ్ళు మోకాళ్ళ మీద వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, బండను నాకుతున్నారు! ఈ ఊరికా నేను అల్లుణ్ణి కాబోయేది?

"వరదపాశంరా అది. వాన కోసరం బండమీద పాయసం పోసి, చెయ్యి తగలకుండా తింటారు. ఇదీ తెలీదా నీకు?" అంటూ గొడుగు మామ ఎండకు తాళలేక టక్కున గొడుగు విప్పాడు. ఆ చప్పుడుకు ఒకాయన తలెత్తాడు. మీసాల నిండా పాయసం. మా ఇంటికొచ్చి నన్ను చూసి వెళ్ళిన కాబోయే మామగారు!

"నువ్వా నాయనా! ఏం ఇట్లొచ్చినావు?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "వాన కోసరం" అన్నాను.

"సూడండప్పా! వాన వస్తాదని గొడుగు గూడా తెచ్చినారు టౌనోళ్ళు! రా, వంగు."

వంగాను. బండ కాలుతోంది. బెల్లంతో పాటు ఇసుకా నోట్లోకి వస్తోంది. తెలియకుండానే చెయ్యి ముందుకు వచ్చింది.

"చేతులు ఎనకే ఉండాల" అని ఆడగొంతు. తలెత్తాను. పాయసం కుండతో ఒక పిల్ల, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. "మా పెద్దపిల్ల" అన్నారాయన. నా ముక్కు మీద పాయసం కారుతోంది. అదీ మా పెళ్ళిచూపులు!

ఆ నెలంతా వాన రాలేదు. తాంబూలాలు మాత్రం వచ్చాయి.

నలభై ఏళ్ళ తర్వాత ఒక ఉగాదినాడు పాయసం వడ్డిస్తూ మా ఆవిడ అంది: "ఆ పొద్దు నాయనతో ఈ సంబంధం వద్దని సెప్పేద్దామనుకుంటి. టౌను గుమాస్తాకు మా కరువు ఏం తెలుస్తాదిలే అని. మా వాన కోసరం నువ్వొచ్చి వంగితివి. ఇంగ వద్దనలేకపోతి."

ఇన్నేళ్ళూ నా సంసారం అంత సన్నటి దారానికి వేలాడిందని నాకు తెలియనే తెలియదు. ఆ అదురుపాటులో నిజం నోరు జారింది. "నేనొచ్చింది నిన్ను చూడ్డానికే."

ఆవిడ గరిటె గాల్లోనే ఆగింది. "వాన కోసరం కాదా?"

కాదని తలూపాను. ఆవిడ గిన్నె నా ముందు పెట్టి, "చేతులు ఎనక్కి పెట్టుకో" అంది.

పెట్టుకున్నాను. వంగడానికే ఇప్పుడు నడుం సహకరించడం లేదు.