వేలాడిపోయిన నా కుడిచేయి

సహోదరులారా, ఒక కాలంలో నా కుడిచేయి మణికట్టు దగ్గర వాడిన తోటకూర కాడలా వేలాడుతుండేది, దెబ్బ తగల్లేదు, ఎముక విరగలేదు, ఎత్తుదామంటే మాత్రం లేచేది కాదు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో నేను ఒక అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చేవాణ్ణి. తప్పులు దిద్దేటప్పుడు రెండు చేతులకూ పని ఉంటుంది గనుక, తీసిన అక్షరాలను పెదవుల మధ్య పట్టుకోవడం మా అందరికీ అలవాటు, అది కీడని ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు. మొదట కడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చింది, తరువాత చేయి పడిపోయింది.

"ఏమప్పా, మీ ప్రభువుకు ఇంకా తీరిక దొరకలేదా? నీ పని గూడా నేనే చేస్తాండా," అనేవాడు పక్కన పనిచేసే రామన్న. సంఘమంతా నా కోసం ప్రార్థించింది, నూనె రాసి ప్రార్థించారు, చేయి కదల్లేదు. చివరికి నాకు మాటలే మిగలలేదు. "ప్రభువా, నాకు ఓపిక లేదు, నీవే చూడు," అని మాత్రం అనేవాణ్ణి.

ముద్ద ఎత్తుకోలేని నాకు నా భార్య శాంతమ్మ సంగటి తినిపించేది. ఒక మధ్యాహ్నం ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయింది.

"నోరు బాగా తెరువు. పండ్ల మొదట్లో ఈ నల్ల గీతేంది?"

"పొద్దున తోముకుంటినే."

"తోమితే పోయేది కాదిది. ఆస్పత్రికి పోదాం పా."

మిషను ఆస్పత్రి డాక్టరుగారు నా చిగుళ్లు చూసి, చేయి చూసి, ఏం పని చేస్తావని అడిగారు. చెప్పాను. "ఆ గీత సీసం గుర్తు. నోట్లోకి పోయిన సీసం నీ నరాలను పాడుచేసింది. మళ్లీ ఆ పనికి పోతే ప్రాణానికే ముప్పు," అన్నారు. సహోదరులారా, నాకు వేరే పని రాదు, ఆ మాటకు దుఃఖం ముంచుకొచ్చింది.

"పని పోతే ఇంకోటి చూసుకుందాం. నువ్వు పోతే నేను యాడ వెతుక్కోవల్ల?" అంది శాంతమ్మ.

ఎర్రగుంట్ల దగ్గర ఆమె పుట్టింటికి పోయి మేకలు కాశాను. నెలలు గడిచాయి, చేయి అలాగే ఉంది, నేను అడగడం కూడా మానేశాను. ఒకరోజు వాకిట్లో కూర్చుని ఉంటే శాంతమ్మ చేట కింద పెట్టేసి నా వైపే చూస్తూ, "ఇప్పుడు ముక్కు మీద ఈగను తోలింది యా చేత్తో?" అంది.

కుడిచేత్తోనే.

ఇప్పటికీ రెండు వేళ్లు పూర్తిగా చాచలేను, గుండీలు ఆమే పెడుతుంది. అయినా ఆ చేయి పడిపోకపోతే ఆమె నాకు తినిపించేది కాదు, ఆ గీతను చూసేది కాదు, నేను ఆ అక్షరాల మధ్యనే చచ్చిపోయేవాణ్ణి. మేము చేయి బాగుచేయమని అడుగుతుంటే, ఆయన ఆ చేతితోనే నా ప్రాణం కాపాడాడు, ఆయనకే మహిమ. ప్రార్థించి అలసిపోయినవారు మీలో ఉంటే, అలసటతోనే ఆయన దగ్గరకు రండి. ఆయన మీ మాటల కోసం కాచుకొని లేడు.